మా ఊరి మైకు సెట్టు: 8 ఓమ్‌ల నుంచి 100 వోల్టుల లైనుకి మార్చిన ప్రాజెక్టు డైరీ

మాది ఇందుకూరుపేట మండలంలో పెన్న గట్టు పక్క ఊరు. రామాలయంలో 250 వాట్ల ఆంప్లిఫయర్ ఉంది, ఊళ్లో నాలుగు హారన్లున్నాయి. అయినా గట్టు వార ఉన్న గిరిజన కాలనీలో మైకులో ఏం చెప్తున్నారో ఎవరికీ అర్థమయ్యేది కాదు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైల్వే ట్రాకే కొట్టుకుపోయింది. అప్పుడు కాలనీ వాళ్లని లేపడానికి మనుషులు ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. ముందుగా ఖాళీ చేయాల్సిన వాళ్లకే మాట చేరకపోతే మైకు ఎందుకు? ఈ పని పెట్టుకున్నది అందుకే. పాటలు బాగా వినిపించడం మా లెక్కలో రెండో విషయం.

చాలా ఊళ్లలో వైరింగు మా పాతదానిలాగే ఉంటుంది. అలాంటి చోట పని మొదలుపెట్టే వాళ్లకి పనికొస్తుందని కొలతలతో సహా రాస్తున్నాను. రాగి రేట్లు ఊరికే మారిపోతుంటాయి కాబట్టి రూపాయలు రాయడం లేదు. మీటర్లు, వాట్లు, ఓమ్‌లు రాస్తున్నాను. వాటిని పట్టుకుని మీ షాపులో లెక్క వేయించుకోవచ్చు.

దశ 1: పాత లైను కొలవడం

ఏదీ విప్పకముందే అంతా కొలిచాం. గుడి మీద రెండు హారన్లు, తూర్పు వీధి చివర ఒకటి, కాలనీలో ఒకటి. నాలుగూ 16 ఓమ్‌ల యూనిట్లు. అన్నిటినీ పారలల్‌గా కలిపి ఆంప్లిఫయర్ 8 ఓమ్‌ల టెర్మినల్‌కి ఇచ్చారు. వైరు 1 చదరపు మిల్లీమీటరు రాగి ఫ్లెక్సిబుల్.

కొలిచిన పద్ధతి:

1. ఆంప్లిఫయర్ ఆపి, లైను రెండు వైర్లూ టెర్మినల్ నుంచి విప్పాలి.
2. చివరి హారన్ దగ్గర యూనిట్ విప్పి, రెండు వైర్లనీ ఒకదానికొకటి మెలిపెట్టాలి.
3. గుడి దగ్గర మల్టీమీటరు ఓమ్‌లలో పెట్టి చదవాలి.
4. మీటరు ప్రోబులు రెండూ తాకిస్తే వచ్చే విలువని (మాకు 0.4) అందులోంచి తీసేయాలి.

ఈ వైరుకి కిలోమీటరుకు 19.5 ఓమ్‌లు. కాలనీ 380 మీటర్ల దూరం. పోనూ రానూ 760 మీటర్లు కాబట్టి లెక్క ప్రకారం 14.8 ఓమ్‌లు రావాలి. వచ్చింది 23. ఎక్కువొచ్చిన 8 ఓమ్‌లు ఎక్కడివో తెలుసుకోవడానికి ఒక్కో జాయింటూ విప్పి చూశాం. టేపు లోపల రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, చేత్తో నలిపితే పొడిగా రాలాయి. మామిడిచెట్టు దగ్గరి జాయింటు ఒక్కటే 5 ఓమ్‌లు చూపించింది. సముద్రం దగ్గర్లో ఉంది, ఉప్పుగాలి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు మా వైపు ఎక్కువ కాలం నిలవదు.

ఇప్పుడు దీని అర్థం చూడండి. 16 ఓమ్‌ల హారన్‌కి ముందు 23 ఓమ్‌ల వైరు ఉంది. ఆ లైనులోకి వెళ్లే పవర్‌లో 59 శాతం వైరే తినేస్తోంది. గుడి మీది హారన్‌కి అందే దాంట్లో కాలనీ హారన్‌కి దాదాపు ఆరో వంతే అందుతోంది. కాలనీకి వినపడటం లేదని వాల్యూం పెంచితే గుడి హారన్లు చెవులు పగలగొడతాయి, కాలనీలో గొణుగుడు అలాగే ఉంటుంది. గుడి మీది యూనిట్లలో డయాఫ్రం (ఊగుతూ శబ్దం పుట్టించే పలచటి పొర, దాని కాయిల్) మళ్లీ మళ్లీ కాలిపోవడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి. తూర్పు వీధి లైను 260 మీటర్లు, అది 11 ఓమ్‌లు చదివింది. గుడి హారన్లు రెండూ కలిపి 8 ఓమ్‌లు, వైరూ హారనూ కలిపితే తూర్పు వీధి 27, కాలనీ 39. మూడూ పారలల్ కడితే 5.3 ఓమ్‌లు. ఓమ్‌లు తగ్గేకొద్దీ లోడు ఎక్కువ కరెంటు లాగుతుంది. 8 ఓమ్‌ల టెర్మినల్ మీద 5.3 ఓమ్‌ల లోడు అంటే ఆంప్లిఫయర్ మీద ఎప్పుడూ ఓవర్‌లోడే. వెనక రేకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది అందుకే.

దశ 1 లెక్క: హారన్లు 4, లోడు 5.3 ఓమ్‌లు, కాలనీ లైను 23 ఓమ్‌లు.

దశ 2: 100 వోల్టులు ఎందుకు

రెండు దారులున్నాయి. ఒకటి వైరు లావు చేయడం. కాలనీ వైరు రెసిస్టెన్సుని 2 ఓమ్‌లకు దించాలంటే దాదాపు 7 చదరపు మిల్లీమీటర్ల రాగి కావాలి. అది పంపు సెట్లకి వేసే వైరు, ఊరి చందాలతో అయ్యే పని కాదు. రెండో దారి వోల్టేజి పెంచి కరెంటు తగ్గించడం. కరెంటు డిపార్టుమెంటు దూరానికి 11 కేవీలో పంపి, ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దించుతుంది కదా, అదే పద్ధతి.

ఆంప్లిఫయర్ వెనక 4, 8, 16 ఓమ్‌లతో పాటు 70 వోల్టులు, 100 వోల్టులు అని రెండు టెర్మినల్స్ ఉంటాయి. పెద్ద పీఏ ఆంప్లిఫయర్లు చాలావాటికి ఇవి ఉంటాయి, వాడే వాళ్లే తక్కువ. 100 వోల్టుల టెర్మినల్ వాడాలంటే ప్రతి హారన్‌కీ ఒక లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. షాపుల్లో ఎల్ఎంటీ అని అడగండి. దాని మీద ఉండే వాట్ల ట్యాపుల్లో మనం దేనికి కలిపితే ఆ హారన్ లైనులోంచి అన్ని వాట్లే తీసుకుంటుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఎవరికెంత సౌండు కావాలో హారన్ దగ్గరే తేల్చేయొచ్చు. అన్ని ట్యాపుల వాట్లూ కూడితే వచ్చేదే మొత్తం లోడు, సిరీసు, పారలల్ లెక్కలు అక్కర్లేదు.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒకటే: 10,000ని వాట్లతో భాగిస్తే ఓమ్‌లు వస్తాయి. 250 వాట్ల ఆంప్లిఫయర్‌కి లోడు 40 ఓమ్‌ల కంటే తగ్గకూడదు. మేము 200 వాట్లు దాటకూడదని పెట్టుకున్నాం.

వేసిన ప్లాను ఇది. రెండు హారన్లు కొత్తగా కొన్నాం.

లైను 1, గుడి: 2 హారన్లు, ఒక్కోటి 15 వాట్ల ట్యాపు. 30 వాట్లు, వైరు 40 మీటర్లు.
లైను 2, తూర్పు వీధి: 2 హారన్లు, 20 వాట్ల ట్యాపు. 40 వాట్లు, 260 మీటర్లు.
లైను 3, కాలనీ: 2 హారన్లు, 30 వాట్ల ట్యాపు. 60 వాట్లు, కొత్త దారిలో 400 మీటర్లు.

కొత్త వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల రాగి, కిలోమీటరుకు 13.3 ఓమ్‌లు. కాలనీకి పోనూ రానూ 10.6 ఓమ్‌లు. 60 వాట్ల లోడు అంటే 167 ఓమ్‌లు. వోల్టేజిలో 94 శాతం అవతలికి చేరుతుంది, నష్టం అర డెసిబెల్. చెవికి తెలియనే తెలియదు. వైరు మందం పెద్దగా పెరగలేదు, మారిందల్లా వోల్టేజి.

దశ 2 లెక్క: హారన్లు 6, లోడు 130 వాట్లు (77 ఓమ్‌లు), వైరు 700 మీటర్లు.

దశ 3: ట్రాన్స్‌ఫార్మర్లని పైకెక్కించే ముందు బల్ల మీద పరీక్ష

ఈ దశ వదిలేయకండి. నెల్లూరు టౌను నుంచి తెచ్చిన ఆరు ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకదాని స్టిక్కరు తిరగబడి ఉంది. 30 అని రాసిన చోట 10 వాట్లు, 10 అని రాసిన చోట 30. పైకెక్కించాక ఇది కనిపెట్టాలంటే ఎంత తిప్పలో ఊహించుకోండి.

మల్టీమీటరు ఓమ్‌లలో చదివితే ఇది తెలియదు. ప్రైమరీ తీగ డీసీ రెసిస్టెన్సు కొన్ని పదుల ఓమ్‌లే ఉంటుంది, దానికీ అసలు ఇంపిడెన్సుకీ (ఏసీ సిగ్నల్‌కి ఎదురయ్యే మొత్తం అడ్డుకీ) సంబంధం లేదు. చుట్ల నిష్పత్తి కొలవాలి.

1. 230 నుంచి 12 వోల్టులకి దించే చిన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవాలి. అడాప్టర్ పనికిరాదు, ఏసీ వోల్టులే కావాలి. మాది లోడు లేకుండా 13.1 వోల్టులు చూపించింది.
2. ఆ 13.1 వోల్టులని ఎల్ఎంటీలో కామన్‌కీ, పరీక్షించే వాట్ల ట్యాపుకీ ఇవ్వాలి.
3. హారన్ వైపు 16 ఓమ్‌ల టెర్మినల్స్ మీద ఏసీ వోల్టులు చదవాలి.

రావాల్సిన విలువలు: 10 వాట్ల ట్యాపుకి 1.66 వోల్టులు, 15కి 2.03, 20కి 2.34, 30కి 2.87. మీ 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వేరే అంకె ఇస్తే ఆ నిష్పత్తిలో మార్చుకోండి. అయిదు ట్రాన్స్‌ఫార్మర్లు సరిగ్గా వచ్చాయి. ఆరోదాని స్టిక్కరు పీకేసి, పెయింటుతో అంకెలు రాశాం.

ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ తిరగేసి కలపకండి. హారన్ వైపు టెర్మినల్స్‌ని లైనుకి కలిపితే ఆ ఒక్క హారనే ఒక ఓమ్ కంటే తక్కువ లోడుగా కనిపిస్తుంది. అంటే లైను షార్టయినట్టే.

దశ 4: స్తంభాలు, వైరు, జాయింట్లు

కరెంటు స్తంభాలకి మా వైరు కట్టలేదు. పాత లైను కొంత దూరం అలాగే వెళ్లేది, దాన్ని ముందు దించేశాం. ఎక్కడైనా 230 వోల్టుల తీగ తెగి మైకు వైరు మీద పడితే గుళ్లో మైకు పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. అందుకే విడిగా జీఐ పైపులు పాతి, కరెంటు తీగల కింద నుంచి పోవాల్సిన ఒక్క చోట వైరుని పైపులో వేసి భూమిలో దించాం. 100 వోల్టుల లైను కూడా షాకు కొడుతుందని ఊళ్లో పిల్లలకి, తాటాకులు కొట్టే వాళ్లకి చెప్పి పెట్టాం.

జాయింట్లు తగ్గించడం కోసం కాలనీకి వైరు ఒకే డ్రమ్ములోంచి కోయించుకున్నాం. తప్పనిసరైన చోట్ల పద్ధతి ఇది: పోగులకి సోల్డర్ పట్టించి, పింగాణి కనెక్టర్‌లో బిగించి, పైన వేజలీన్ రాసి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టడం. వైర్లు డబ్బాలోకి కింది నుంచే రావాలి, డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉండాలి. ఆ రంధ్రం ఎందుకో దశ 8లో తెలుస్తుంది.

హారన్ మూతి కొంచెం కిందికి వంచాలి. నీళ్లు నిలవవు, మాట కూడా మనుషుల మీద పడుతుంది. పాత కాలనీ హారన్ ఆకాశం వైపు చూస్తూ ఉండేది. దించి చూస్తే లోపల కందిరీగల గూడు. ఇప్పుడు అన్ని మూతులకీ దోమతెర లాంటి సన్నటి స్టీలు జాలీ బిగించాం.

దశ 4 లెక్క: వైరు 700 మీటర్లూ లాగాం, జాయింటు డబ్బాలు 5. లోడు ఇంకా కలపలేదు.

దశ 5: కలిపే ముందు లైను ఇంపిడెన్సు

ఇంపిడెన్సు మీటరు ఉంటే రెండు నిమిషాల పని. లేని వాళ్ల కోసం మేము చేసిన పద్ధతి చెప్తాను.

1. ఆంప్లిఫయర్ 100 వోల్టుల టెర్మినల్ నుంచి 47 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్ ద్వారా లైనుకి కలపాలి. రెండో వైరు కామ్ అని రాసిన టెర్మినల్‌కి.
2. ఫోనులో టోన్ జనరేటర్ యాప్‌తో 400 హెర్ట్జ్ మోగించాలి. మామూలు మల్టీమీటర్లు అంతకు మించిన ఫ్రీక్వెన్సీలో ఏసీ సరిగ్గా చదవవు.
3. వాల్యూం సున్నా నుంచి మెల్లగా పెంచి, టెర్మినల్ దగ్గర 10 వోల్టుల దగ్గర ఆపాలి.
4. లైను మీద వోల్టులు, రెసిస్టర్ మీద వోల్టులు విడివిడిగా చదవాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 47తో గుణిస్తే లైను ఓమ్‌లు.

వైరుతో కలిపి మొత్తం 80 ఓమ్‌లు రావాలి. లైను మీద 5.95, రెసిస్టర్ మీద 4.05 వచ్చాయి, అంటే 69. హారన్ ఇంపిడెన్సు అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు కాబట్టి పది పదిహేను శాతం తేడాని వదిలేయొచ్చు. కానీ తగ్గింది కాబట్టి లైన్లు ఒక్కోటే తీసి కొలిచాం. ఒకటి, మూడు లైన్లు సరిగ్గా ఉన్నాయి. రెండో లైను 257 రావాల్సింది, 177 వచ్చింది. మూడో వంతు తక్కువ. రెండు హారన్లున్న లైనులో ఒకటి రెట్టింపు కరెంటు తాగుతుంటేనే ఇలా అవుతుంది.

తూర్పు వీధి పాత యూనిట్ దించి కాయిల్ కొలిస్తే 6.5 ఓమ్‌లు. 16 ఓమ్‌ల యూనిట్ అయితే డీసీలో దాదాపు 13 చదవాలి. ఎప్పుడో డయాఫ్రం కాలిపోతే 8 ఓమ్‌లది వేశారు, బయటి మూత మీద మాత్రం 16 అనే ఉంది. యూనిట్ పారేయనక్కర్లేదు. దాని ట్రాన్స్‌ఫార్మర్‌లో హారన్ వైపు 8 ఓమ్‌ల ట్యాపుకి మార్చాం. మళ్లీ కొలిస్తే లైను 2 అనుకున్న అంకెకి వచ్చింది. మూత మీది 16 కొట్టేసి 8 రాసి, కింద తేదీ వేశాం. రిపేరు చేసే ప్రతి ఒక్కరూ ఈ పని చేస్తే తర్వాత వచ్చే వాళ్లకి సగం రోజు మిగులుతుంది.

దశ 5 లెక్క: లోడు 130 వాట్లు, కొలిచినది 79 ఓమ్‌లు, ఆంప్లిఫయర్ తట్టుకునేది 40 వరకు.

దశ 6: ఆంప్లిఫయర్ వైపు

మూడు లైన్లకీ మూడు డీపీ (డబుల్ పోల్) స్విచ్చులు పెట్టాం. మామూలు స్విచ్ ఒక వైరునే తెంపుతుంది, డీపీ రెండిటినీ తెంపుతుంది. ఉరుములప్పుడు లైనుని ఆంప్లిఫయర్ నుంచి పూర్తిగా విడదీయాలంటే ఇదే కావాలి. పొద్దున సుప్రభాతం గుడి లైనులో మాత్రమే, ఊరి కబురైతే మూడింటిలోనూ. ఆ అవసరమూ వీటితోనే తీరింది.

100 వోల్టుల టెర్మినల్ వాడుతున్నప్పుడు 4, 8, 16 ఓమ్‌ల టెర్మినల్స్‌కి ఇంకేమీ కలపకూడదు. మండపంలో బాక్సు ఒకటి కావాలని అడిగారు. దానికీ ఎల్ఎంటీ పెట్టుకోమని, అదీ వాట్ల లెక్కలోకి వస్తుందని చెప్పాం.

ఆన్ చేయగానే బుర్రుమని హమ్. ఆంప్లిఫయర్ రేకు ముట్టుకుంటే చురుక్కుమంది. త్రీపిన్ సాకెట్‌లో ఎర్తుకీ న్యూట్రల్‌కీ మధ్య 38 వోల్టులు ఉన్నాయి. గుడికి ఎర్తు వైరు ఉంది గానీ అది పోయి కలిసేది ఎండిపోయిన గుంతలో తుప్పు పట్టిన పైపుకి. కొత్తగా జీఐ పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేసి, నీళ్లు పోశాక ఆ వోల్టేజి 2కి పడింది. షాకు పోయింది, హమ్ సగానికి తగ్గింది.

మిగతా సగం మైకు వైరుది. గర్భగుడి పక్క నుంచి ఆంప్లిఫయర్ దాకా 15 మీటర్లు, ఫ్యాను వైర్లతో కలిపి ఒకే పైపులో వెళ్తోంది, పైగా ఒకే కోరు షీల్డు వైరు. దాని బదులు రెండు కోర్ల షీల్డు వైరు వేసి, రెండు వైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులు పెట్టాం. ఒకటో పిన్ను షీల్డు, రెండు ప్లస్, మూడు మైనస్. కరెంటు వైర్లకి అడుగు దూరంగా తీసుకెళ్లాం. హమ్ పూర్తిగా పోయింది. ఫోను కలిపినప్పుడు మాత్రం ఛార్జర్ పెట్టి ఉంటే మళ్లీ వస్తోంది. ఛార్జర్ పీకితే పోతోంది. ఆక్స్ వైరు మధ్యలో 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దాన్నీ వదిలించాం.

దశ 7: రెండేసి సార్లు వినపడే మాట

సౌండు వచ్చింది, మాట అర్థం కాలేదు. ఈ దశలో చాలామంది ఆంప్లిఫయర్ని అనుమానిస్తారు. కాలనీ హారన్లలో ఒకటి ఊరి వైపు తిరిగి ఉంది, గుడి హారన్ ఒకటి కాలనీ వైపు. మధ్యలో, గుడికి 300 మీటర్లు, కాలనీ హారన్‌కి 100 మీటర్ల దూరంలో నిలబడితే రెండు దారుల తేడా 200 మీటర్లు. గాల్లో శబ్దం సెకనుకి దాదాపు 345 మీటర్లు పోతుంది. అంటే ప్రతి మాటా దాదాపు 0.6 సెకన్ల తేడాతో రెండోసారి వస్తుంది. ‘గట్టు’ అన్న మాట మీద అంతకుముందరి మాట పడుతుంది.

మార్చినవి:

1. అన్ని హారన్లూ గుడి నుంచి బయటి దిక్కుకే చూడాలి. ఏ రెండూ ఎదురెదురుగా ఉండకూడదు.
2. గుడి హారన్ల ట్యాపు 15 నుంచి 10 వాట్లకి దించాం. దూరపు పని వాటిది కాదు.
3. ఆంప్లిఫయర్‌లో బాస్ పూర్తిగా తగ్గించి, ట్రెబుల్ సగం కంటే కొంచెం పైన పెట్టాం. హల్లులు తేటగా తెలియడానికి కావాల్సింది ఆ పై స్వరాలే.

దశ 7 లెక్క: లోడు 120 వాట్లు, 83 ఓమ్‌లు.

తర్వాత మాటల పరీక్ష. ఒకరు గుళ్లో కూర్చుని ఇరవై విడి మాటలు చదవాలి: గట్టు, కట్ట, తలుపు, తలపు, పడవ, గొడవ, పది, పదహారు ఇలా. వాక్యాలు వద్దు, వాక్యమైతే మనసు ఊహించేసుకుంటుంది. ఇంకొకరు కాలనీలో కూర్చుని విన్నది రాయాలి. హారన్లు తిప్పక ముందు 11 సరిపోయాయి, తిప్పి టోన్ మార్చాక 19. రాసింది ఇంటర్ చదివే అమ్మాయి. పక్కన కూర్చున్న అవ్వ కూడా వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. “ఇప్పుడు మాట మాటగా ఇనపడతా ఉంది నాయనా, ముందంతా వాన పడినట్టు మోగేది” అంది. ఈ ప్రాజెక్టులో నేను నమ్మే కొలత ఇదే. ఫోను యాప్ చూపించే డెసిబెల్స్ ముందుకీ తర్వాతకీ పోల్చుకోవడానికి పనికొస్తాయి, అసలు అంకెగా తీసుకోలేం.

శనివారం భజనలో కొత్త తలనొప్పి వచ్చింది. డోలక్ పడ్డప్పుడల్లా కాలనీ హారన్లు బర్రుమన్నాయి, ట్రాన్స్‌ఫార్మర్లు గోరువెచ్చబడ్డాయి. లోస్వరాల్లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కోరు నిండిపోతుంది, హారన్ కూడా ఆ స్వరాల్ని మోయలేక డయాఫ్రం అతిగా ఊగుతుంది. పరిష్కారం: ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ లైను వైపు ఒక వైరుకి సిరీస్‌లో పాలిస్టర్ కెపాసిటర్. 10 వాట్ల ట్యాపుకి 0.47 మైక్రోఫారడ్, 20కి 1, 30కి 1.5. అన్నీ 400 వోల్టులవి. 320, 340 హెర్ట్జ్ కంటే కింద ఉన్నది క్రమంగా కోసేస్తుంది. బర్రుమనడం ఆగింది, మాట ఇంకా తేటపడింది.

కెపాసిటర్లు పెట్టాక మల్టీమీటరు ఓమ్‌లలో లైను తెగినట్టే చూపిస్తుంది. దశ 5 కొలత మళ్లీ చేసినా 400 హెర్ట్జ్ దగ్గర పాతిక శాతం దాకా ఎక్కువ వస్తుంది. డబ్బా మూత లోపల ‘కెపాసిటర్ ఉంది’ అని రాసి పెట్టండి, లేకపోతే రేపొచ్చే మెకానిక్ లేని తెగుడు కోసం వెతుకుతాడు.

దశ 8: కరెంటు, బ్యాటరీ, వాన

సాయంత్రం రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లు మొదలవగానే గుళ్లో వోల్టేజి 187కి పడుతోంది. 230తో పోలిస్తే ఆంప్లిఫయర్ ఇవ్వగలిగిన పవర్ దాదాపు మూడో వంతు తగ్గుతుంది. వినడానికి పెద్ద నష్టంలా ఉన్నా అది రెండు డెసిబెల్స్ లోపే. మా లోడు 120 వాట్లే కాబట్టి స్టెబిలైజర్ అక్కర్లేదని వదిలేశాం.

వరద వచ్చే రాత్రి కరెంటు ఉండదన్న లెక్కతోనే బ్యాటరీ పెట్టాం. మా ఆంప్లిఫయర్‌కి 24 వోల్టుల డీసీ టెర్మినల్స్ ఉన్నాయి, కాబట్టి 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో. క్లాంపు మీటరు పెట్టి చూస్తే ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు 1 ఆంపియర్ లోపు, ఎవరైనా మాట్లాడుతుంటే 4 నుంచి 6. మాట ఆగుతూ సాగుతుంది కాబట్టి పాటకంటే చాలా తక్కువ తింటుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు, వైరు 10 చదరపు మిల్లీమీటర్లు, పొడవు మీటరు లోపు. ప్లస్ మైనస్ తారుమారైతే ఆంప్లిఫయర్ పోతుంది, అందుకే ఒక్కో వైరుకి ఒక్కో సైజు లగ్గు వేసి మార్చడానికి వీల్లేకుండా చేశాం.

ఈశాన్య రుతుపవనాల తొలి వానకే లైను 2లో చిటపటలు. మూడో డబ్బాలో నీళ్లు నిలిచాయి. బిగించేటప్పుడు సీలెంటు పూసిన వాళ్లు అడుగు రంధ్రం కూడా మూసేశారు. చెమ్మ లోపలే చల్లబడి నీరై కనెక్టర్ దాకా చేరింది. రంధ్రం మళ్లీ తెరిచి, కనెక్టర్ మార్చి, లైను రెండు వైపులా విప్పి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) రెండు కోర్ల మధ్య చూశాం. అప్పుడు తృప్తిగా ఉంది. మెగ్గర్ పెట్టేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు, ఆంప్లిఫయర్ ఏవీ లైనుకి కలిసి ఉండకూడదు.

దశ 9: అనుమతి, బీరువా తలుపు మీది కాగితం

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా వాడకూడదు. ప్రజలకి ఆపద వచ్చిన సమయానికి మాత్రం మినహాయింపు ఉంది, మాకు అసలు కావాల్సింది ఆ మినహాయింపే. బడి, ఆసుపత్రి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించొచ్చు. మా బడి తూర్పు వీధి మలుపుకి దగ్గర. అందుకే లైను 2 హారన్లు రెండూ బడికి వీపు పెట్టి ఉన్నాయి, బడి వేళల్లో ఆ స్విచ్ ఆఫ్. రోజువారీ సుప్రభాతం ఆరు దాటాకే, గుడి లైనులోనే, వాల్యూం తగ్గించి. పూజారి గారు ఈ పద్ధతికి వెంటనే ఒప్పుకున్నారు.

బీరువా తలుపు లోపల అతికించిన కాగితం:

1. మాస్టర్ వాల్యూం సున్నా చేసి ఆన్ చేయాలి.
2. రోజూ స్విచ్ 1 మాత్రమే. ఊరి కబురుకి 1, 2, 3.
3. బాస్ ముట్టుకోవద్దు.
4. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరం. మెల్లగా, విడివిడిగా, ప్రతి కబురూ మూడుసార్లు.
5. ఉరుము వినపడితే మూడు స్విచ్చులూ ఆఫ్, ప్లగ్గు పీకేయాలి.
6. వరద కబురు చెప్పాలంటే బ్యాటరీ మీదే. ప్లగ్గు పీకి, స్విచ్ 3 మొదట.
7. ప్రతి నెలా మొదటి శనివారం బ్యాటరీ మీద పది నిమిషాలు మాట్లాడి చూడాలి. కాలనీ నుంచి ఎవరైనా ఫోను చేసి విన్న మాటలు తిరిగి చెప్పాలి.

చివరి లెక్క: హారన్లు 6, ట్రాన్స్‌ఫార్మర్లు 6, కెపాసిటర్లు 6, వైరు 700 మీటర్లు, లోడు 120 వాట్లు. 250 వాట్ల ఆంప్లిఫయర్ మీద 200 వాట్ల హద్దుకి ఇంకా 80 మిగిలి ఉన్నాయి. అందులో 30 వాట్లు గట్టు దిగువన కొత్తగా వేసుకున్న ఇళ్ల కోసం పక్కన పెట్టాం. లైను 3 చివరి డబ్బా నుంచి అక్కడికి 150 మీటర్లు. స్తంభానికి పైపు తెచ్చి పెట్టాం, కోతలయ్యాక గుంత తీస్తాం.